పార్కుల్లో ఆకాశం చూపించడానికి 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్: కొన్నేళ్లు వాడాక

డాబ్సోనియన్ అంటే నేల మీద పెట్టిన బేస్ (కింది పీట) పైన తిరిగే అద్దపు టెలిస్కోప్. అద్దం వ్యాసం 203 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే దూరం) 1200. మోటారు, కంప్యూటర్ ఏమీ లేవు, చేత్తో తోస్తే తిరుగుతుంది. హైదరాబాద్ పార్కుల్లో జనం వరసకట్టే చోట అదే దీని బలం. ఎవరి మోచెయ్యో తగిలి గురి తప్పినా క్షణాల్లో సరిచేయొచ్చు.

మా దానితో వచ్చిన ఐపీస్‌లు (కన్ను పెట్టి చూసే కటకాలు) రెండు: 25 మి.మీ.ది 48 రెట్లు, 10 మి.మీ.ది 120 రెట్లు చూపిస్తాయి. రెండోదాన్ని ఇంట్లోనే ఉంచండి. కన్ను దాదాపు గాజుకి ఆనించాలి కాబట్టి కళ్లజోడు ఉన్నవాళ్లకి సరిగ్గా కనపడదు. జోడు తీస్తే ఫోకస్ మార్చాలి, వెనకవాళ్లకి మళ్లీ మార్చాలి. దాని బదులు 25 మి.మీ.కి 2ఎక్స్ బార్లో (రెట్లని రెట్టింపు చేసే కటకం) తగిలిస్తే 96 రెట్లు వస్తుంది, కన్ను కాస్త ఎడంగా ఉన్నా ఫరవాలేదు. శని వలయానికి అంత చాలు.

భూమి తిరుగుతుంది కాబట్టి 96 రెట్ల దగ్గర గ్రహం రెండు నిమిషాల్లోనే దాటిపోతుంది. మధ్యలో పెట్టకండి. అది లోపలికి వచ్చే అంచున పెట్టి వదిలితే నలుగురైదుగురు చూసేదాకా ముట్టుకోనక్కర్లేదు. ఐపీస్‌ని పట్టుకుని చూడటం అందరికీ అలవాటే, అందుకే పక్కన చెయ్యి వేసుకోవడానికి ఒక స్టూలు పెట్టాలి. చిన్నపిల్లలు ఎక్కడానికీ అదే పనికొస్తుంది, నడినెత్తికి దగ్గర ఉన్నవాటిని చూసేటప్పుడు ఐపీస్ నాలుగడుగుల ఎత్తుకి వెళుతుంది మరి.

ఐపీస్ గాజు మీద కాటుక మరకలు పడతాయి. అవి పడితే చంద్రుడి చుట్టూ మసక వెలుగు కనిపిస్తుంది. ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊది, లెన్స్ టిష్యూకి ఒక చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. చొక్కా కొంగుతో రుద్దితే దుమ్ముకి పూత గీసుకుపోతుంది.

కారులో తెస్తే కొలిమేషన్ (అద్దాల అమరిక) కదులుతుంది, వెళ్లిన ప్రతిసారీ చూసుకోవాల్సిందే. ధ్రువనక్షత్రం కదలదు కాబట్టి దానితో సరిచేయమంటారు గానీ మన దగ్గర అది 17 డిగ్రీల ఎత్తులో చెట్ల వెనకే ఉంటుంది. పైనున్న ఏదైనా ప్రకాశవంతమైన చుక్కని వాడుకోండి. అద్దం చల్లబడటానికి అరగంట ముందే బయట పెట్టాలి. లేకపోతే గురుడి పట్టీలు నీళ్లలో ఊగినట్టు కనపడతాయి. సిమెంటు నేల పగటి వేడిని వదులుతూ అదే పని చేస్తుంది. పచ్చిక నయం, కాకపోతే బేస్ కాళ్లు దిగబడకుండా కింద ప్లైవుడ్ పలక వేయండి.

చంద్రుణ్ని పున్నమినాడు చూపించొద్దు, నీడలు లేక బిలాలు చదునుగా కనిపిస్తాయి. శుద్ధ సప్తమి, అష్టములు మేలు. వెలుగు కళ్లకి కొడితే గొట్టం ముందు మూత మొత్తం తీయకుండా, దానికుండే చిన్న బిళ్ల మాత్రమే తీయండి, ఫిల్టర్ కొనక్కర్లేదు. నగరం మధ్య ఆండ్రోమెడా గెలాక్సీ జోలికి పోవద్దు, మసక మచ్చ తప్ప ఏమీ ఉండదు. చలికాలంలో ఓరియన్ నెబ్యులా (వాయువులు, ధూళి ఉన్న మేఘం) మాత్రం నిరాశపరచదు.

నిజమైన లోపం బేస్‌దే. అది పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అదిమి చేసిన పలక), తడి గడ్డి మీద ఉంచితే అంచులు ఉబ్బి, తిరగడం బిగుసుకుంటుంది. కొన్న వారంలోనే అంచులకి వార్నిష్ పూయించండి.