లింకన్ టౌన్ కార్: ఏళ్ల తరబడి నడిపాక నా మాట

మా న్యూజెర్సీ ఇంటి ముందున్నది 2006 మోడల్ టౌన్ కార్, ఫోర్డ్ వాళ్ల లింకన్ బ్రాండులో వచ్చిన పెద్ద లగ్జరీ కారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ముందే చెప్పేస్తున్నా, డ్రైవింగ్‌లో సరదా కావాలంటే దీని జోలికి రాకండి. వెనక కూర్చున్న పెద్దవాళ్లకి నడుం పట్టేయకుండా ఉండాలంటే మాత్రం దీన్ని మించింది నేను చూడలేదు.

ఆ సుఖమంతా పాతకాలపు తయారీలోనే ఉంది. లారీలకి ఉన్నట్టు దీనికి విడిగా స్టీలు చట్రం ఉంటుంది, దానిమీద బాడీ బిగిస్తారు. వెనక చక్రాలకి స్ప్రింగుల బదులు గాలి బ్యాగులు. అమ్మానాన్నల్ని న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చేటప్పుడు నాలుగు పెద్ద సూట్‌కేసులు పడేస్తే వెనక భాగం కిందికి దిగుతుంది. ఇంజన్ స్టార్ట్ చేశాక బానెట్ కింద కంప్రెసర్ గుర్రుమంటుంది, బండి మెల్లగా లేచి మళ్లీ సమంగా నిలబడుతుంది. నాన్నగారు ప్రతిసారీ పక్కకి నిలబడి అది చూశాకే ఎక్కుతారు. డిక్కీ దాదాపు 21 ఘనపుటడుగులు, మధ్యలో బాగా లోతు. పెద్ద పెట్టెలు నిలబెట్టి పెట్టొచ్చు.

టౌన్ కార్ మొదట లింకన్ కాంటినెంటల్‌లో ఒక రకం మాత్రమే. 1981 నుంచి సొంత మోడల్ అయింది. 1985లో పోటీ కంపెనీ క్యాడిలాక్ తన పెద్ద కార్లని చిన్నవి చేసి ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కి (ఇంజన్ ముందు చక్రాల్నే తిప్పే పద్ధతికి) మారడంతో లిమో వ్యాపారం, అంటే డ్రైవర్‌తో అద్దెకిచ్చే పెద్ద కార్ల వ్యాపారం, చాలావరకు ఇటు మళ్లింది. ఎయిర్‌పోర్టుల దగ్గర ఒకప్పుడు ఎటు చూసినా ఇవే నల్లకార్లు. 2011 ఆగస్టులో కెనడాలోని సెయింట్ థామస్ ప్లాంటులో తయారీ ఆగిపోయింది. అయినా స్పేర్ పార్టులకి ఇబ్బంది లేదు. 4.6 లీటర్ల వీ8 ఇంజన్, గేర్‌బాక్స్ పోలీసులు వాడిన ఫోర్డ్ కారు క్రౌన్ విక్టోరియాలో ఉన్నలాంటివే కాబట్టి ఏ మెకానిక్‌కైనా దీని గుట్టు తెలుసు.

ఇక కష్టాలు. పొడవు దాదాపు 18 అడుగులు, మాల్‌లో పార్కింగ్ అంటే టెన్షనే. ఊళ్లో గ్యాలన్‌కి 16 మైళ్లు దాటదు. టర్న్‌పైక్ (టోల్ హైవే) మీద 24 దాకా వస్తుంది. మంచు పడ్డ రోజు ఎత్తు ఎక్కాలంటే వెనక చక్రాలు జారుతూనే ఉంటాయి, అందుకే చలికాలంలో వేరే టైర్లు వేస్తాను. వెనక మధ్యలో కూర్చున్నవాళ్ల కాళ్ల కింద పెద్ద దిమ్మె అడ్డం.

కొనేవాళ్లు 2003 లేదా ఆ తర్వాతి మోడల్ చూడండి. స్టీరింగ్ అప్పుడే బాగుపడింది. రాత్రంతా ఆపిన బండిని పొద్దున్నే వెళ్లి చూడండి. వెనక కుంగి ఉంటే గాలి బ్యాగుల రబ్బరు చిట్లి ఉండొచ్చు. జాకీ పెట్టేముందు డిక్కీలో ఉన్న సస్పెన్షన్ స్విచ్ ఆపాలి, ఇది టైరు షాపుల్లో చాలామందికి గుర్తుండదు. లిమోగా తిరిగిన బండి అయితే మీటర్ మీద మైళ్లు చూసి మోసపోవద్దు. ప్యాసింజర్ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి గంటల తరబడి నిలబెట్టిన లెక్క అందులోకి రాదు.