చేతి ఎగ్జిమా: నేరుగా తగిలే దెబ్బా, అలర్జీయా?

చేతి ఎగ్జిమా (చేతుల చర్మానికి వచ్చే, దురదతో కూడిన వాపు) రకాల్లో, చర్మాన్ని నేరుగా దెబ్బతీసే పదార్థాల వల్ల వచ్చేదే ఎక్కువగా కనిపిస్తుంది. నీరు, సబ్బు, డిటర్జెంట్ పదేపదే తగిలినప్పుడు చర్మాన్ని కాపాడే కొవ్వు పదార్థం తరిగిపోయి, చేతులు పొడిబారి పగుళ్లు తీస్తాయి. ఇది ఎవరికైనా రావచ్చు గాని, చిన్నతనంలో ఎటోపిక్ ఎగ్జిమా (అలర్జీ స్వభావం ఉన్నవారిలో తరచూ కనిపించే, దురదతో కూడిన చర్మవ్యాధి) ఉన్నవారికి, ఎక్కువసేపు తడిలో పనిచేసే నర్సులకు, వంటవారికి ముప్పు మరింత ఎక్కువ.

అలర్జీ వల్ల వచ్చేది అలా కాదు. నికెల్, సిమెంటులోని క్రోమియం, రబ్బరు చేతితొడుగుల్లోని రసాయనాల వంటి వాటిలో ఒకదానిని రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా గుర్తుపెట్టుకున్న తరువాత, అది కొద్దిగా తగిలినా సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దురద, నీటిపొక్కులు మొదలవుతాయి. చూపుకు రెండూ ఒకేలా ఉండవచ్చు కనుక, అనుమానిత పదార్థాలున్న పట్టీలను వీపుపై 48 గంటలు ఉంచి, దేనికి అలర్జీ ఉందో చూసే ప్యాచ్ పరీక్షను, ముఖ్యంగా ఎగ్జిమా 3 నెలలు దాటినవారు, వాయిదా వేయకూడదని నా గట్టి అభిప్రాయం. మొదటి రకం దెబ్బతీసిన చర్మం గుండా అలర్జీ కారకాలు సులువుగా లోనికి చేరతాయి కాబట్టి, ఒకే చేతిలో రెండూ ఉండటం అరుదు కాదు.