పార్సిల్ పని ఒక్కరికే అప్పగించాలా, కొందరికి చూపించాలా?

తన దారిన వెళ్తూ పార్సిల్ మోసే మనిషి ఉద్యోగి కాదు, వద్దనే హక్కు అతనికి ఉంది. యాప్ అతనికి పని ఇవ్వడానికి రెండు పద్ధతులున్నాయి. అప్పగింత: ఒక పనిని ఒకసారికి ఒక్కరికే పంపి, వద్దంటే తర్వాతివారిని అడగడం. జాబితా: పనుల జాబితాను కొందరికి ఒకేసారి చూపి, ముందు ఒప్పుకున్నవారికి ఇవ్వడం. వాటి తేడా ఆ హక్కు దగ్గరే పుడుతుంది.

ఆలస్యం
అప్పగింత: ఒప్పుకునే అవకాశం 30 శాతమైతే సగటున ముగ్గురికి పైగా అడగాలి. జవాబుకు గడువు 30 సెకన్లయితే, జవాబివ్వని ఇద్దరితోనే నిమిషం పోతుంది.
జాబితా: అదే 30 శాతంతో, ముగ్గురికి ఒకేసారి చూపితే ఒక్కరైనా ఒప్పుకునే అవకాశం 65.7 శాతం, ఐదుగురికైతే 83.2 శాతం. ఒకరి నిర్ణయం ఇంకొకరిది ప్రభావితం చేయదనుకుంటేనే ఈ లెక్క.

రిస్క్
అప్పగింత: తిరస్కరణ. దానికి రేటింగ్ తగ్గించి శిక్షిస్తే మనుషులు యాప్ వదిలేస్తారు.
జాబితా: ఒకే పనికి పోటీ. ఐదుగురికి చూపితే ఇద్దరో అంతకు మించో ఒప్పుకునే అవకాశం 47 శాతం. ‘ఇప్పటికే తీసుకున్నారు’ అని పదే పదే చూసినవాళ్లు తర్వాతి నోటిఫికేషన్ తెరవరు. అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. అందుకే దగ్గర్లోని మంచి పనిని అందరికీ మొదటి వరుసలో పెట్టకండి, ఒక్కొక్కరికి ఒక్కో పని పైకి తేవాలి.

తయారుచేసే శ్రమ
అప్పగింత: దూరాల పట్టిక, 1955లో హెరాల్డ్ కూన్ ప్రచురించిన హంగేరియన్ పద్ధతి (మొత్తం దూరం అతి తక్కువయ్యేలా ఎవరికి ఏ పనో తేల్చే లెక్క) చాలు.
జాబితా: ఎవరు ఏ దారి, ఏ బరువు, ఏ వేళ ఒప్పుకున్నారో పాత రికార్డు కావాలి.

ముందే షిఫ్టు బుక్ చేసుకుని, దాదాపు ప్రతి పనీ ఒప్పుకునేవాళ్లుంటే అప్పగింతే మేలు. సొంత ప్రయాణాల మీద వెళ్లేవాళ్లయితే జాబితా. రికార్డు లేని కొత్త యాప్ అయితే ముగ్గురికి చూపడంతో మొదలుపెట్టి, ఒప్పుకోలు శాతం పెరిగేకొద్దీ ఆ సంఖ్య తగ్గించండి.