ఏడేళ్లు నడిపిన 1968 ఫియట్: ప్రదర్శన రోజూ, మిగతా రోజులూ

మాది 1968 మోడల్ ఫియట్ 1100డి. నాన్న కారు. ఏడేళ్ల కిందట ఇంజను బోర్ చేయించి, టింకరింగ్, పెయింటింగ్ అన్నీ కొత్తగా చేయించాను. అప్పటి నుంచి హైదరాబాద్‌లో నాలుగు పాత కార్ల ప్రదర్శనల్లో పెట్టాను. ప్రతిసారీ మౌలాలీ నుంచి నడుపుకుంటూనే వెళ్లాను. నడపకుండా నిలబెడితే ఈ బండి పాడవుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోలు జిగురు కడుతుంది, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. వారానికి ఒక్కసారి తిప్పితే చాలు, 1089 సీసీ ఇంజను ఇప్పటికీ మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది.

అసలు కష్టం మన ఎండ. ఓసారి నెక్లెస్ రోడ్డులో ప్రదర్శన ముగించుకుని మధ్యాహ్నం వస్తుంటే మెట్టుగూడ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ఇంజను వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరైపోయింది. వెనక హారన్లు, నాకు ఒకటే టెన్షన్. బానెట్ ఎత్తి, తాగే నీళ్లతో గుడ్డ తడిపి, ట్యాంకు నుంచి పెట్రోలు లాగే ఏసీ పంపు మీద వేశాను. గుడ్డ అంచు నుంచి జారిన చుక్క పంపు కిందకి చేరేలోపే చుయ్‌మని ఆరిపోయింది. పావుగంటకు స్టార్టయింది. అప్పటి నుంచి డిక్కీలో రెండు నీళ్ల సీసాలు, ఒక పాత తువ్వాలు తప్పకుండా ఉంటాయి. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బరు పైపులు మెత్తబడుతున్నాయని మా మెకానిక్ ఉస్తాద్ చూపించాక వాటినీ మార్పించాను.

ప్రదర్శనకు సిద్ధం చేసేటప్పుడు నేను చేసిన పెద్ద తప్పు బంపర్లు. చిన్న చిన్న మచ్చలు తప్ప కంపెనీ క్రోమ్ బాగానే ఉండేది. ఇంకా మెరవాలని మళ్లీ ప్లేటింగ్‌కి ఇచ్చాను. రెండు వానాకాలాలు గడిచేసరికి పొరలు పొరలుగా లేచింది. కొత్త రెక్సిన్ సీట్లూ అంతే, చూడ్డానికి బాగున్నా కుట్టు పాతది కాదు. న్యాయనిర్ణేత వాటి దగ్గర ఆగి తల అడ్డంగా ఊపారు. బానెట్ కింద పాత డైనమో అలాగే ఉండటం చూసి మాత్రం ఆయన ముఖం వెలిగింది. బాగున్నదాన్ని ముట్టుకోకండి, దయచేసి. విడిభాగాలకు రాణీగంజ్‌లో ఓపికగా తిరిగితే చాలావరకు దొరుకుతాయి.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 నిబంధనలతో ‘వీఏ’ (వింటేజ్) రిజిస్ట్రేషన్ వచ్చింది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ దాంతో రోజువారీగా నడపకూడదు. అందుకే నేను తీసుకోలేదు, మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకుంటున్నాను.

నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే కాబట్టి ముందు బండికి దూరం ఎక్కువ వదలాలి. రాత్రిపూట సిగ్నల్లో హెడ్‌లైట్లు మందగిస్తాయి, డైనమో బండి కదా, ఇంజను నెమ్మదిస్తే కరెంటు తగ్గుతుంది. ఈ రెండింటికీ అలవాటు పడగలిగితే ఫియట్ నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

ప్రదర్శనలో పిల్లలు లోపలికి తొంగిచూసి “గేరు ఏది అంకుల్?” అని కింద వెతుకుతారు. స్టీరింగ్ పక్కనున్న రాడ్డు చూపించి, సీట్లో కూర్చోబెట్టి, వాళ్ల చేత్తోనే వేయిస్తాను. పోయినసారి ఒక పాప మొదటి గేరు పడేదాకా చెయ్యి తియ్యలేదు.