మేకు బొక్కలు అమ్ముకునే ఓనరు: బల్లార్షాలో కిరాయి ఇల్లు వెతికేవాళ్ళు జాగ్రత్త

నిన్న సాయంత్రం ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేశాను. 30,000 డిపాజిట్‌లో చేతికొచ్చింది 7,900. కడుపు ఇంకా మండుతోంది, ఓ మాట అటూ ఇటూ అయితే ఏమనుకోకండి.

ఏ ఇల్లో ఇక్కడ, మహారాష్ట్ర బల్లార్షాలో ఉండే మన తెలుగోళ్ళలో సగం మందికి చెప్పక్కర్లేదు. నీలం గేటు, కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు. కాగజ్‌నగర్ నుంచో మంచిర్యాల నుంచో డ్యూటీ మీద వచ్చినవాళ్ళని ఎవరో ఒకరు "మనోడే, తెలుగాయనే" అని అక్కడికే పంపుతారు. నన్నూ అలాగే పంపారు. మూడేళ్ళున్నాను, ఒక్క నెల కూడా కిరాయి ఐదో తారీఖు దాటలేదు. దిగేరోజు అగ్రిమెంటు అడిగితే "మనలో మనకు కాగితాలేంది తమ్ముడూ" అన్నాడు. ఆ తమ్ముడూ అన్న పిలుపుకే మురిసిపోయాను. స్టోర్‌లో పనిచేసేవాణ్ణి, రిజిస్టర్‌లో సంతకం లేనిదే పానా కూడా బయటికివ్వను. 30,000 మాత్రం ముక్క కాగితం లేకుండా ఇచ్చి వచ్చాను.

నిన్న సామాను బండి ఎక్కాక ఆయన పైకొచ్చాడు. చేతిలో పెన్సిలు, చిన్న పుస్తకం, టార్చి. ఇంకా వెలుతురుండగానే టార్చి ఎందుకా అనుకున్నా. గోడకి ఆనించి పక్క నుంచి వెలుగు కొడితే ఎంత చిన్న గుంటైనా నీడపడి రూపాయి బిళ్ళంత కనిపిస్తుంది. చెయ్యి తిరిగిన పనితనం మరి. ఒక్కో మేకు బొక్క చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన నంబరు వేసుకుంటూ పోయాడు. మొత్తం 23. బొక్కకు 100.

అందులో నేను కొట్టినవి ఆరు. గడియారం, క్యాలెండరు, దేవుడి పటాలు రెండు, బట్టల తాడుకు రెండు. మిగతావన్నీ నేను దిగేనాటికే ఉన్నాయి. రెండింట్లో తెల్ల టూత్‌పేస్టు కూరి ఉంది. మా ఇంట్లో ఎర్ర పేస్టు తప్ప వాడం. నాకంటే ముందున్నవాళ్ళెవరో పాపం డిపాజిట్ కాపాడుకుందామని చూసినట్టున్నారు.

మేకులు 2,300. గోడలు నల్లబడ్డాయని పెయింటింగ్‌కు 14,000. బొగ్గు ఊళ్ళో, లారీలు తిరిగే రోడ్డు పక్కన కిటికీ గోడ నల్లబడక ఏమవుతుంది? నేను దిగినప్పుడు కూడా అది కొత్త రంగు కాదు. బాత్రూం టైల్స్ మీద తెల్లమరకలకి 2,500, బోరు ఆయనదే, ఉప్పు నీళ్ళూ ఆయనవే. వంటగట్టు మీద గీతలకి 1,800. వానాకాలం తలుపు కింద ఉబ్బినందుకు 1,500, వాన కూడా నేనే కురిపించానేమో. మే నెలలో ఇక్కడ 46, 47 దాకా పోతుందని తెలుసు కదా, కూలర్ కోసం నేను వెల్డింగ్ చేయించిన ఇనుప స్టాండు మాత్రం ఆ పుస్తకంలోకి ఎక్కలేదు. "అది ఉండనీ తమ్ముడూ, విప్పితే గోడ పాడవుతది" అన్నాడు.

అప్పటిదాకా అంతా తెలుగే. "అన్నా, ఈ బొక్కలు నేను దిగినప్పుడే ఉన్నాయి కదా" అన్నాను. అంతే. నా మొహం చూడకుండా, పుస్తకం మూసి, మరాఠీలోకి దిగాడు. "హిశోబ్ మ్హణజే హిశోబ్." లెక్కంటే లెక్కేనట! మా పాప పుట్టువెంట్రుకలకు వచ్చి కొత్త గౌను పెట్టి, మా ఇంట్లో పులిహోర తిన్న మనిషి. మూడేళ్ళలో నాతో ఒక్క మరాఠీ ముక్క మాట్లాడలేదు. నేను తెలుగులో అడుగుతున్నా, ఆయన మరాఠీలోనే చెబుతున్నాడు, ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబెట్టినట్టు. ఇంతలో ఇల్లు చూడ్డానికి కొత్తవాళ్ళు మెట్లెక్కి వచ్చారు. వాళ్ళవైపు తిరిగి, నవ్వు మొహంతో, తెలుగులో: "రండి తమ్ముడూ, మనిల్లే అనుకోండి."

నా నోరు పడిపోయింది. 7,900 లెక్కపెట్టుకుని "సరే అన్నా" అని దిగి వచ్చాను. ఆ "అన్నా" ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈ పొద్దున మర్చిపోయిన గ్యాస్ పుస్తకం కోసం వెళ్తే, వాళ్ళ సామాను దిగుతోంది. రంగు లేదు, పెయింటర్ లేడు. హాలు గోడ మీద పెన్సిలు సున్నాలు నంబర్లతో సహా అలాగే ఉన్నాయి. కొందరు కోళ్ళు పెంచుతారు, కొందరు చిట్టీలు నడుపుతారు. ఈయనది మేకు బొక్కల సాగు. విత్తనం ఒకసారి పడితే చాలు, కిరాయిదారు మారినప్పుడల్లా కోతే.

కోర్టు వ్యవహారాలు తెలిసిన మా స్టోర్ ఆయన మధ్యాహ్నం చెప్పినది విన్నాక ఇంకా మండింది. 1999 నాటి మహారాష్ట్ర కిరాయి చట్టం, సెక్షన్ 55 ప్రకారం అగ్రిమెంటు రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి, ఆ బాధ్యత ఓనరుదే. అది లేకపోతే, వేరే రుజువు దొరికేదాకా షరతుల విషయంలో కిరాయిదారు మాటే చెల్లుతుంది. ఓనరుకు మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అంటే కాగితం లేకపోవడం ఆయన మెడకు చుట్టుకోవాల్సింది. నేనే నా తప్పనుకుని తల దించుకున్నా. మామూలుగా వాడితే వచ్చే అరుగుదల, తరుగుదల కిరాయిదారు నెత్తిన పడదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే, సెక్షన్ 108లో ఉందట. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలోనైతే గోడలకు వెల్ల వేయించడం, తలుపులకీ కిటికీలకీ రంగులు వేయించడం ఓనరు పనుల జాబితాలోనే రాశారు. కానీ అది నమూనానే, రాష్ట్రం తనది చేసుకుంటేనే అమలు.

సరే, దిగేరోజే ప్రతి గోడా వీడియో తీసి, ఆ రోజే ఓనరు ఫోనుకి పంపండి. మేకులు కూడా లెక్కపెట్టండి, నవ్వినా పర్లేదు. అగ్రిమెంటు లేనిదే డబ్బు ఇవ్వొద్దు.

నీలం గేటింట్లో కొత్తగా దిగినవాళ్ళు మీకు తెలిస్తే ఒక్క మాట చేరవేయండి. గోడ మీద సున్నాలు తుడవొద్దు, ముందు ఫోటో తీసుకోమనండి. 23 ఉన్నాయి.