చేప పైకొచ్చి రొప్పుతోంటే ముందు ఏది: నీళ్లు మార్చడమా, ఉప్పా, నీలం మందా?

ఎండలు ముదిరితే తిరుపతిలో చేపలు పెంచేవాళ్లందరిదీ ఒకటే గోడు. నిన్నటిదాకా చక్కగా తిరిగిన గోల్డ్ ఫిష్ పొద్దున చూస్తే పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటుంది, మొప్పలు గబగబా కొట్టుకుంటుంటాయి, మేత వేసినా అటు చూడదు. వెంటనే షాపుకు పరుగెత్తి నీలం మందు తెచ్చి పోసేస్తారు. నేను మాత్రం గట్టిగా చెప్పేది, ఊపిరాడని చేపకు ముందు కావలసింది గాలీ మంచి నీళ్లూ. మందు సంగతి ఆ తర్వాత.

ఏ పనైనా చేసేముందు రెండు నిమిషాలు తొట్టి ముందు కూర్చోండి. అన్ని చేపలూ పైకొచ్చాయంటే తప్పు దాదాపుగా నీళ్లదే. ఒక్కటే వచ్చి, ఒకపక్క మొప్ప మూసుకునే ఉండి, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే మొప్పల్లో పురుగు పడిందేమోనని అనుమానించాలి. సెల్ ఫోన్ టార్చి పక్కనుంచి వేసి, మొప్ప తెరుచుకున్న క్షణంలో లోపలి రంగు చూడండి. బాగున్న చేపకు తాజా ఎరుపు ఉంటుంది. కాఫీ డికాషన్ రంగుకు తిరిగిందంటే నీళ్లలో నైట్రైట్, అంటే చేపల వ్యర్థాల్లోని అమోనియా నుంచి పుట్టే విషం, ఎక్కువైనట్టే, అప్పుడు రక్తమే ఆక్సిజన్ మోయలేని స్థితిలో ఉంటుంది. బెట్టా, గౌరామీ పెంచేవాళ్లు మాత్రం కంగారు పడొద్దు, వాటికి పైకొచ్చి గాలి పీల్చడం పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఇక నీళ్ల సంగతి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకొచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. అదే వేడికి చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. దీనికి తోడు మధ్యాహ్నం కరెంటు పోయి ఫిల్టరు ఆగిపోతే ఇక చెప్పక్కర్లేదు. కొర్లగుంటలో మాకు తెలిసిన ఓ తమ్ముడు "అన్నా, మందేసినా తగ్గలేదన్నా" అని టెన్షన్ పడుతూ పిలిస్తే వెళ్లి చూశాను. బుడగలు వదిలే రాయి, అదే ఎయిర్ స్టోన్, బోరు నీళ్ల ఉప్పు పేరుకుని తెల్లగా గట్టిపడిపోయింది, ఒక మూలనుంచి మాత్రం లావుపాటి బుడగలు ఒకటీ అరా వస్తున్నాయి. కొత్త రాయి పెట్టి, మూడోవంతు నీళ్లు మార్చి, పైన టేబుల్ ఫ్యాన్ తిప్పితే సాయంత్రానికి చేపలన్నీ అడుగుకు దిగాయి. బుడగల కన్నా నీళ్ల పైభాగం కదలడం ముఖ్యం, ఆక్సిజన్ చేరేది ఎక్కువగా అక్కడినుంచే. కరెంటు లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి అడుగు ఎత్తునుంచి మళ్లీ అందులోకే పోస్తూ ఉండండి, చేతులు నొప్పి పుట్టినా సరే.

నీళ్లు మార్చడంలోనూ మన దగ్గర మూడు తంటాలున్నాయి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మే నెలలో సలసలా కాగుతుంటాయి, వాటిని నేరుగా పోస్తే ఉన్న ప్రాణం పోతుంది. మున్సిపల్ కొళాయి నీళ్లలో క్లోరిన్ మొప్పల్ని కాల్చేస్తుంది, రాత్రే బకెట్లలో పట్టి మూత లేకుండా ఉంచాలి, అంత టైం లేకపోతే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. మూడోది చాలామందికి తట్టనిది. నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టిలో పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, క్షారమో చెప్పే కొలత) దిగిపోయి ఉంటుంది, అందుకే అందులోని అమోనియా అంతగా విషం చూపించదు. అలాంటి తొట్టిలో ఒక్కసారిగా సగం బోరు నీళ్లు కుమ్మరిస్తే పీహెచ్ పైకి లేస్తుంది, 7 నుంచి 8కి వచ్చిందంటే విషపు అమోనియా వాటా దాదాపు 10 రెట్లవుతుంది. చిత్తూరులో ట్యాంకరు నీళ్లు పోయించుకునే ఇళ్లలో కూడా ఇదే జాగ్రత్త కావాలి, ఏ రోజు ఏ బోరు నీళ్లొస్తాయో మన చేతుల్లో ఉండదు కదా. పాత తొట్టి అయితే పావువంతు చొప్పున, కొన్ని గంటలు ఆగి ఆగి మార్చండి.

ఉప్పుకు నా దగ్గర రెండో స్థానం. నైట్రైట్ వల్ల రొప్పుతున్న చేపకు ఇది నిజంగా పనిచేస్తుంది, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వదు. లీటరుకు 1 గ్రాము చాలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో ఇసుకా రాళ్లూ పోను 45 లీటర్లనుకుంటే 45 గ్రాముల కల్లుప్పు, అదీ తూకం వేసి, వేరే గిన్నెలో కరిగించి, కొంచెం కొంచెంగా పోయాలి. నీళ్లు ఆవిరైనా ఉప్పు పోదు, కాబట్టి తగ్గిన నీళ్లు నింపేటప్పుడు మళ్లీ ఉప్పు వేయకండి. తొట్టిలో మొక్కలున్నా, కోరిడోరాస్, లోచ్ లాంటి చేపలున్నా ఉప్పు జోలికి పోవద్దు.

నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, చెడ్డదని నేననను. నైట్రైట్‌తో పాడైన రక్తాన్ని మళ్లీ ఆక్సిజన్ మోసేలా చేసే గుణం దానికుంది, ఫంగస్‌కూ వాడతారు. కానీ మెయిన్ తొట్టిలో పోస్తే ఫిల్టర్లో అమోనియాను తినే బ్యాక్టీరియాను చంపేస్తుంది, రెండు రోజులకు అమోనియా పెరిగి చేప మళ్లీ పైకొస్తుంది, రోగం తిరగబెట్టిందనుకుని మనం ఇంకా మందు పోస్తాం. తొట్టి మూలల్లోని సిలికాన్ కూడా నీలంగా మారి ఇక ఆ మరక పోదు. అందుకే ఈ మందు వాడాలంటే వేరే టబ్బులోనే. తెల్లమచ్చలకు ఇచ్చే ఫార్మాలిన్ మందులైతే నీళ్లలో ఆక్సిజన్‌నే తగ్గిస్తాయి, ఎయిర్ స్టోన్ లేకుండా వాటి మూత కూడా తీయొద్దు.

మరి చేపను టబ్బులోకి మార్చడం మేలా, ఉన్నచోటే ఉంచడం మేలా? అన్నీ రొప్పుతుంటే మార్చకండి, పట్టుకునే హడావిడికే సగం ఊపిరి పోతుంది, తొట్టినే బాగుచేయండి. ఒక్కదానికే జబ్బయితే, ముఖ్యంగా చెన్నై కొళత్తూరు మార్కెట్ నుంచి కొత్తగా తెచ్చిన చేపయితే, టబ్బే మేలు. 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, ఒక స్పాంజ్ ఫిల్టరు లేదా ఎయిర్ స్టోన్, తొట్టిలోవే సగం నీళ్లు, వెలుతురు తక్కువుండే మూల చాలు. వలతో పైకెత్తకుండా గిన్నెలో నీళ్లతో సహా ముంచి తీయండి. మేత ఒకటి రెండు రోజులు ఆపేయండి, పెద్ద గోల్డ్ ఫిష్‌కు దానివల్ల ఏం కాదు, తిన్నది అరగడానికీ ఆక్సిజన్ కావాలి.

గాలి, నీళ్లు సరిచేసిన మర్నాటికి కూడా ఆ ఒక్క చేపే రొప్పుతూ ఉంటే అప్పుడు మందు. ఒళ్లు రుద్దుకోవడం, ఒక మొప్ప మూసుకోవడం కనిపిస్తుంటే నీలం మందు అడగకండి, ప్రాజిక్వాంటెల్ ఉన్నది అడగండి, మొప్పల పురుగుకు అదే సరైనది.