పేరుకుపోయిన ఇంటి మరమ్మతులు: ఒకే మనిషితో మూడేళ్లు

నాన్న మంచాన పడిన రెండేళ్లూ మా ఇంటిని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన తిరిగే రోజుల్లో ఏ తలుపు కిర్రుమన్నా సాయంత్రానికల్లా దానికి నూనె పడేది. ఆ తర్వాత కుళాయి కారుతుంటే కింద బకెట్టు పెట్టుకున్నాం. గేటు కుంగితే ఎత్తి తోయడం అలవాటు చేసుకున్నాం. పెరట్లోకి వెళ్లడమే మానేశాం. చివరికి పక్కింటివారు చెప్పగా ఈ పనుల మనిషిని పిలిచాను. వడ్రంగం, కుళాయిలు, రంగులు, చెట్ల కొమ్మలు, అన్నీ ఆయనే చూస్తారు. మూడేళ్లలో పదకొండుసార్లు వచ్చారు. చేసిన పనుల్లో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మొదట పడకగది గోడ. కింద మూడడుగుల మేర రంగు పొరలుపొరలుగా లేచింది. వేలు తగిలితే పూత పిండిలా రాలేది. గీకి రంగు వేయమని అడిగాను. ఆయన గోడను అరచేత్తో తడిమి చూసి, రంగు డబ్బా తెరవకుండానే బయటికి నడిచారు. నేనూ వెనకే వెళ్లాను. అటువైపు గోడకు ఆనుకుని నాన్న వేసిన పూలమడి ఉంది. ఏటేటా ఎరువు, రాలిన ఆకులు చేరి మట్టి ఇంటి లోపలి నేల మట్టాన్ని దాటిపోయింది. పక్కనే డాబా మీది నుంచి దిగే వాననీటి గొట్టం. దాని మూతి ఆకులతో పూడిపోవడంతో నీళ్లు గోడ వెంటే జారి నల్లటి చార కట్టింది. "అమ్మా, ఇప్పుడు లోపల రంగు వేస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ నన్నే పిలుస్తారు. ముందు ఇది తీయాలి" అన్నారు.

ఆ రోజంతా మట్టి తవ్వడానికే సరిపోయింది. నేల మట్టం కంటే 6 అంగుళాలు కిందికి దించి, వాన నీరు గోడ నుంచి దూరంగా పారేలా వాలు చేశారు. గొట్టంలోంచి కుళ్లిన ఆకుల ముద్దలతో పాటు ఒక టెన్నిస్ బంతి బయటపడింది. మూతికి జాలీ బిగించారు. ఇక రంగు వేస్తారనుకుంటే అప్పుడూ వద్దన్నారు. తడిసిన గోడ అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుందని, ఎండాకాలం వెళ్లనివ్వమని చెప్పి సామాను సర్దుకున్నారు. చేతికి వచ్చిన పనిని, అది నిలవదని వాయిదా వేసిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఎండాకాలం వెళ్లాక ఊడిన పూత కొట్టేసి, కొత్త పూత పూసి రంగు వేశారు. రెండు వానాకాలాలు దాటినా ఆ గోడ పొడిగానే ఉంది.

కుళాయి దగ్గరా ఇదే తీరు. అంతకుముందు నేను రెండుసార్లు వాషరు మార్చాను. నెల తిరిగేసరికి మళ్లీ చుక్కలు. ఆయన కుళాయి విప్పి, వాషరు ఆనుకునే ఇత్తడి అంచు మీద నా వేలు పెట్టించారు. గరుకుగా ఉంది, ఒకచోట సన్నటి గాడి తగిలింది. ఆ గాడి ఉన్నంతకాలం ఎన్ని వాషర్లు వేసినా కోసుకుపోతాయన్నారు. అంచును నునుపు చేసి కొత్త వాషరు వేశారు. ఆ రోజు బకెట్టు తీసేశాం, మళ్లీ పెట్టలేదు.

పెరటి మామిడి కొమ్మ ఒకటి డాబా మీదికి ఒరిగిపోయింది. దాన్ని ఒక్క కోతతో పడేస్తే బరువుకు మాను బెరడు చీలిపోతుంది. ఆయన మానుకు అడుగు దూరంలో ముందు కింది వైపు నుంచి కొంత కోశారు. తర్వాత ఇంకాస్త అవతల పైనుంచి కోసి కొమ్మను దించారు. చివరికి మిగిలిన మోడును మొదట్లో ఉండే ఉబ్బు దెబ్బతినకుండా, దానికి కాస్త అవతలే కోసి తీసేశారు. ఆ గాయానికి రంగులూ తారూ పూయనివ్వలేదు. ఇప్పుడు చుట్టూ కొత్త బెరడు మెత్తటి కడియంలా దగ్గరికి వస్తోంది. ఎప్పుడు పెరట్లోకి వెళ్లినా ఒకసారి దాన్ని తాకి వస్తాను.

అన్నీ ఇలా కుదరలేదు. స్నానాల గది మూలల్లో సందులు మూయడానికి వేసిన సిలికాన్ మూడు నెలలకే ఊడింది. పలకలు పూర్తిగా ఆరకముందే వేయడం ఆయన పొరపాటు. అది ఆయనే ఒప్పుకుని, కూలి తీసుకోకుండా పాతది గీకి మళ్లీ వేశారు. తర్వాత ఒక రోజంతా అక్కడ నీళ్లు పడనివ్వలేదు. గేటుకు తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్, పైన రంగు వేశారు కానీ కింది అంచున తుప్పు మళ్లీ కనిపిస్తోంది. మందార కంచెను ఒకసారి మరీ లోతుగా కత్తిరించడంతో చాలా నెలలు పువ్వు చూడలేదు. ఆ పనికి ఇప్పుడు నేను పక్కనే నిలబడతాను. చెప్పిన వేళకు రావడం ఆయనకు చేతకాదు. ఆలస్యమైతే ఫోను కూడా చేయరు. నాకు ఇది నిజంగా కష్టంగా ఉంటుంది.

వేడెక్కుతున్న స్విచ్‌బోర్డును మాత్రం ముట్టుకోలేదు. అది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని అని చెప్పి, అది బాగయ్యేదాకా దాన్ని వాడవద్దని గట్టిగా హెచ్చరించారు. ఆయన మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది ఆ రోజే.

ఎవరైనా ఇలాంటి మనిషిని పిలుచుకుంటే, ఒక్కో పనికీ విడిగా కాకుండా అన్నీ కాగితం మీద రాసి పూట లెక్కన మాట్లాడుకోండి. నీటికి సంబంధించినవి అన్నిటికన్నా పైన రాయండి. నేను మొదటిసారి రంగుల పని పైన రాశాను. ఆయన కాగితం చూసి, వరుస మార్చి తిరిగి నా చేతికిచ్చారు.

ఇప్పుడు వెనక మెట్ల దగ్గర రెండు బండలు లేచాయి. సిమెంటు వేయించేద్దామన్నాను. వానలు తగ్గాక ఒక బండ ఎత్తి, కింద వేరుందో, మట్టి కుంగిందో చూశాకే చెబుతానన్నారు. ఎదురుచూస్తున్నాను.